రాయితీ రిఫైనరీకి, సుంకం రేపల్లెకు

ఉక్రెయిన్ యుద్ధం మొదలైన 2022 ఫిబ్రవరి నుంచి మన దేశంలో ఒక వాదన తిరుగులేని సత్యంలా చలామణి అవుతోంది. విదేశాల నుంచి చమురు ఎక్కడ కొనాలో, ఎవరితో తెంచుకోవాలో జాతీయ ప్రయోజనమే తేలుస్తుందట. ఆ ప్రయోజనం దేశమంతటికీ ఒక్కటేనట. దాని లెక్క ఢిల్లీకి తెలుసు కాబట్టి మిగిలినవాళ్లు నమ్మి ఊరుకుంటే చాలునట. టీవీ చర్చల్లో ఇదే మాట, సంపాదకీయాల్లో ఇదే మాట, తెనాలి టీకొట్ల దగ్గరా ఇదే మాట. అధికార పక్షం అంటుంది, ప్రతిపక్షంలో చాలామంది తలూపుతారు. ఎవరైనా లెక్క అడిగితే దేశం మీద ప్రేమ లేదన్నట్టు చూస్తారు.

ఈ వాదన తప్పని నేనంటాను. విదేశీ ఇంధనం గురించి తీసుకునే ప్రతి నిర్ణయంలోనూ లాభపడేవాళ్లు ఒకరు, భారం మోసేవాళ్లు ఒకరు. ఆ ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి లెక్క తేల్చనంత కాలం, జాతీయ ప్రయోజనం పేరుతో నడిచేది లాభపడినవాళ్ల ప్రయోజనమే. దీనికి సాక్ష్యం కావాలంటే మాస్కో దాకా పోనక్కర్లేదు. బాపట్ల జిల్లాలో అమృతలూరు నుంచి రేపల్లె మీదుగా నిజాంపట్నం రేవు దాకా వెళితే చాలు.

ముందుగా ఒప్పుకోవలసినవి ఒప్పుకుందాం. మనం వాడే ముడిచమురులో సుమారు 88 శాతం దిగుమతిదే. 2022 మార్చిలో బ్రెంట్ ధర ఒక దశలో బ్యారెల్‌కు 130 డాలర్లు దాటింది. అలాంటి రోజుల్లో రష్యా రాయితీ మీద ఇస్తానన్న చమురు కొనడం నేరం కాదు. మనకు నీతులు చెప్పిన యూరప్ దేశాలు రష్యా గ్యాస్ కొంటూనే ఉన్నాయి. యుద్ధం మొదలయ్యాక రెండేళ్లు గడిచినా అమెరికా తన అణు కేంద్రాల కోసం రష్యా యురేనియం తెచ్చుకుంటూనే ఉంది. కాబట్టి 2025 ఆగస్టులో రష్యా చమురును సాకుగా చూపి అమెరికా మన సరుకుల మీద వేసిన సుంకం పచ్చి అన్యాయం. ఆ అన్యాయాన్ని వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. నేనడిగేది మన ఇంటి లెక్క. చమురు చవగ్గా కొన్నందుకు మిగిలిన డబ్బు ఎవరికి చేరింది? కొన్నందుకు పడిన శిక్ష ఎవరి నెత్తిన పడింది?

మొదటి ప్రశ్నకు పాలకుల దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు, ప్రజలందరికీ చేరిందని. యుద్ధానికి ముందు 2021–22లో మన దిగుమతుల్లో రష్యా చమురు రెండు శాతం. 2023–24 నాటికి మూడో వంతు దాటింది. ఎక్కడ మంచి బేరం దొరికితే అక్కడ కొని పౌరులకు మేలు చేయడం ప్రభుత్వ బాధ్యత అని విదేశాంగ మంత్రి జైశంకర్ 2022లోనే బాహాటంగా చెప్పారు. బాగుంది. ఆ మేలు బంకు దగ్గర కనబడిందా?

భారత రిఫైనరీలు కొనే ముడిచమురు సగటు ధర 2022 జూన్‌లో బ్యారెల్‌కు 116 డాలర్లు. 2023 జూన్‌కు అది 75 డాలర్ల దగ్గరికి దిగింది. 2022 మేలో కేంద్రం పెట్రోలు మీద లీటరుకు రూ. 8, డీజిల్ మీద రూ. 6 ఎక్సైజ్ సుంకం తగ్గించిన మాట నిజం. ఆ తర్వాత దాదాపు రెండేళ్లు బంకు ధర కదల్లేదు. 2024 మార్చిలో, లోక్‌సభ ఎన్నికల ముంగిట, లీటరుకు రూ. 2 తగ్గింది. 2025 ఏప్రిల్‌లో ప్రపంచ మార్కెట్లో చమురు ధర మళ్లీ పడిపోతే కేంద్రం ఎక్సైజ్ సుంకం లీటరుకు రూ. 2 పెంచుకుంది. ఇక్కడ రాష్ట్రం చేతులూ శుభ్రంగా లేవు. ఆంధ్రప్రదేశ్‌లో డీజిల్ మీద 22.25 శాతం వ్యాట్, దానిపైన లీటరుకు రూ. 4 అదనపు పన్ను, ఆపైన రూపాయి రోడ్డు సెస్సు. ప్రభుత్వాలు మారాయి గాని ఆ వడ్డింపు పోలేదు. అందుకే 2025లోనూ మన జిల్లాల్లో లీటరు డీజిల్ రూ. 97 దగ్గరే నిలబడిపోయింది.

మరి కంపెనీల సంగతి? ఇండియన్ ఆయిల్, భారత్ పెట్రోలియం, హిందుస్థాన్ పెట్రోలియం కలిపి 2023–24లో రూ. 80,000 కోట్లకు పైగా నికర లాభం చూపాయి. 2022 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఈ మూడూ నష్టపోయాయి, ఆ నష్టం పూడ్చుకున్నాయి అని సమర్థిస్తారు. నష్టపోయింది నిజమే. అయితే గ్యాస్ బండల మీద వచ్చిన నష్టానికి 2022 అక్టోబరులోనే కేంద్రం ఖజానా నుంచి రూ. 22,000 కోట్లు ఇచ్చింది. మన పన్నులతో ఒకసారి, బంకు దగ్గర మరోసారి పూడ్చాక కూడా మిగిలిన లాభం ఇది.

అమృతలూరు పొలాల్లో ఈ లెక్కకు అర్థమేమిటో చూడండి. ఇది కృష్ణా పశ్చిమ డెల్టా. సార్వా వరి కోతల ముందు ఇక్కడి మాగాణుల్లో మినుము చల్లేవారు. భూమిలో మిగిలిన తేమ, మంచు సరిపోయి పంట చేతికొచ్చేది. తెగుళ్లు ముదిరి మినుము నిలవని చోట రైతులు దుక్కి లేకుండానే మొక్కజొన్న, జొన్న వేయడం మొదలుపెట్టారు. మొక్కజొన్నకు తడి మీద తడి కావాలి. చివరి భూములకు కాలువ నీరు సరిగా రాదు. అప్పుడు మురుగు కాలువ గట్టు మీద ఆయిల్ ఇంజను దిగుతుంది, పక్కన డీజిల్ క్యాను, పొలం మీదుగా పరిచిన పైపు. దమ్ముకు ట్రాక్టరు, కోతకు యంత్రం, గంటకింత అద్దె. ఆ అద్దెలో డీజిల్ ధర ఉంటుంది. ఈ పొలాల్లో చాలావాటిని చేసేది కౌలు రైతులే. కౌలు ముందే చెల్లించాలి, డీజిల్ రోజూ కొనాలి. రష్యా నుంచి చవగ్గా వచ్చిన చమురు ఈ గట్టు మీదికి చవగ్గా చేరలేదు. చేరలేదు కాబట్టి ఆ కొనుగోలు ఈ రైతు పేరు మీద జరిగిందని చెప్పుకునే హక్కు ఎవరికీ లేదు.

దీనికి ఒక సమాధానం చెబుతారు: రిఫైనరీ లాభపడితే దేశం లాభపడినట్టే. ఈ మాటను కేంద్ర ప్రభుత్వమే స్వయంగా కాదన్నదని చాలామంది మరిచిపోయారు. 2022 జూలై 1న డీజిల్, పెట్రోలు, విమాన ఇంధనం ఎగుమతుల మీద, దేశంలో తీసే ముడిచమురు మీద కేంద్రం ప్రత్యేక పన్ను వేసింది. ఎందుకు వేయాల్సి వచ్చింది? ప్రైవేటు రిఫైనరీలు శుద్ధి చేసిన ఇంధనాన్ని విదేశాలకు అమ్ముకుని భారీగా లాభపడుతున్నాయి, దేశంలో బంకులకు సరుకు చాలడం లేదు. ఎగుమతి చేసేవాళ్లు కొంత వాటా స్వదేశంలో అమ్మి తీరాలని షరతు కూడా పెట్టింది. అంటే కంపెనీ ప్రయోజనం వేరు, దేశ ప్రయోజనం వేరు అని ప్రభుత్వమే పన్ను వేసి మరీ ఒప్పుకుంది. 2024 డిసెంబరులో ఆ పన్నును పూర్తిగా ఎత్తేసింది. ఆ రెండున్నరేళ్లలో వసూలైన సొమ్ములో ఏ భాగం సాగు డీజిల్‌కు ఊరటగా వచ్చింది? ఒక్క పైసా రాలేదు.

ఇక రెండో ప్రశ్న, శిక్ష సంగతి. అమెరికా 2025 ఆగస్టు 7 నుంచి మన సరుకుల మీద 25 శాతం సుంకం వేసింది. రష్యా చమురు కొంటున్నామన్న కారణం చూపి ఆగస్టు 27 నుంచి మరో 25 శాతం వడ్డించింది. మొత్తం 50. రొయ్యల మీద ముందునుంచీ ఉన్న యాంటీ డంపింగ్ సుంకం, కౌంటర్‌వెయిలింగ్ సుంకం కలిస్తే 58 శాతం దాటింది. మన పోటీదారు ఈక్వడార్ సరుకుల మీద ఈ కొత్త సుంకం అప్పుడు 15 శాతమే.

ఇక్కడ ఒక్క విషయం నిదానంగా చదవాలి. ఆ 50 శాతం సుంకం నుంచి అమెరికా కొన్ని సరుకులను మినహాయించింది. ఆ జాబితాలో మందులు, స్మార్ట్‌ఫోన్లతో పాటు ఇంధన ఉత్పత్తులూ ఉన్నాయి. రష్యా చమురు కొన్నందుకు వేసిన శిక్ష, ఆ చమురును శుద్ధి చేసి అమ్మే సరుకుకు తగల్లేదు. రష్యా నుంచి చుక్క చమురు కొనని రొయ్యల రైతుకు తగిలింది. రష్యా చమురులో పెద్ద వాటా కొన్నవి గుజరాత్ తీరంలోని జామ్‌నగర్, వాడినార్ ప్రైవేటు రిఫైనరీలు. శిక్ష పడింది రేపల్లె, నిజాంపట్నం, బాపట్ల చెరువుల మీద. సొమ్మొకడిది సోకొకడిది అంటారు. ఇక్కడ అంతకన్నా ఘోరం, లాభమొకడిది, దండగ మరొకడిది.

2024–25లో మన దేశం రూ. 62,408 కోట్ల విలువైన సముద్ర ఉత్పత్తులు ఎగుమతి చేసింది. అందులో సింహభాగం గడ్డకట్టించిన రొయ్యలు, అతి పెద్ద కొనుగోలుదారు అమెరికా. ఆ రొయ్యల్లో ఎక్కువ భాగం ఆంధ్ర చెరువుల్లో పెరిగినవే. సుంకం పడ్డాక సగం ఆర్డర్లు రద్దయ్యాయని, నష్టం రూ. 25,000 కోట్ల దాకా ఉండవచ్చని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కేంద్రానికి లేఖ రాశారు. ఎగుమతి కంపెనీ తన నష్టాన్ని కౌంట్ ధరలో, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్నదాన్ని బట్టి ఇచ్చే ధరలో, కోత పెట్టి చెరువు మీదికి తోసేస్తుంది. చెరువు ఎవరి మీదికి తోయగలదు?

వనామి సాగు తెలిసినవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెబుతాను. సీడ్ వదిలాక మూడు నాలుగు నెలల పంట. రాత్రంతా ఏరేటర్లు తిరగాలి. కరెంటు పోతే నిమిషాల్లో జనరేటర్ అందుకోవాలి, లేకపోతే తెల్లారేసరికి రొయ్య నీటి పైకి తేలుతుంది. ఆ జనరేటర్ తాగేది డీజిలే. రొయ్య కౌంట్‌కు వచ్చాక ధర లేదని చెరువులోనే ఉంచుకోలేడు. రోజుకింత మేత పడాలి, వైట్ స్పాట్ తెగులు సోకితే అంతా ఒకేసారి పోతుంది. అందుకే చెప్పిన ధరకు పట్టుబడి చేసేయాలి. కొనే డీజిల్‌కు ధర తగ్గదు, అమ్మే రొయ్యకు ధర నిలవదు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి. ఈ రెండు దెబ్బలూ ఒకే విధానం నుంచి ఒకే మనిషికి తగిలాయి. ఈ సుంకం తర్వాత తగ్గినా, మరో పేరుతో తిరిగొచ్చినా, అప్పు తెచ్చి ఆ పంట వేసినవాడి నష్టం వెనక్కి రాదు.

దేశం కోసం ఆమాత్రం త్యాగం చేయలేరా అని అడిగేవాళ్లున్నారు. త్యాగమంటే తెలిసి ఒప్పుకుని చేసేది. ఈ నిర్ణయం తీసుకునేటప్పుడు ఈ తీరంలో ఎవరినీ అడగలేదు, తీసుకున్నాక ఎవరికీ చెప్పలేదు. పైగా లాభం రిఫైనరీల ఖాతాలో భద్రంగా ఉండగా నష్టాన్ని మాత్రం త్యాగం పేరుతో పంచడం ఏ ధర్మం? 2025 నవంబరులో కేంద్రం ఎగుమతిదారుల కోసం రూ. 20,000 కోట్ల రుణ హామీ పథకం ప్రకటించింది. మంచిదే. అది ఎగుమతి కంపెనీకి బ్యాంకులో అప్పు పుట్టించే హామీ. చెరువు కౌలుకు తీసుకుని, మేత డీలరు దగ్గర అరువు పెట్టినవాడికి అందులో చోటు లేదు.

జాతీయ ప్రయోజనం కొండగుర్తులా కదలనిదని, ప్రభుత్వాలు దాన్ని అనుసరిస్తాయే తప్ప తయారు చేయవని మరో వాదన. చరిత్ర దీన్ని నిలబడనివ్వదు. 2018–19లో మనకు చమురు అమ్మే దేశాల్లో ఇరాన్‌ది మూడో స్థానం. ఇరాన్ 60 రోజుల అరువు ఇచ్చేది, రవాణాలో వెసులుబాట్లు ఇచ్చేది. దగ్గరి రేవు, మన రిఫైనరీలకు అలవాటైన రకం. అమెరికా మినహాయింపులు 2019 మేలో ముగియగానే ఆ కొనుగోళ్లు ఆపేశాం. అప్పుడు కూడా చెప్పింది జాతీయ ప్రయోజనమే. మూడేళ్లు తిరక్కుండా అదే అమెరికా వద్దన్నా రష్యా చమురు కొన్నాం. ఇదీ జాతీయ ప్రయోజనమే. రెండు నిర్ణయాల్లో ఏది సరైనదో వాదించుకోవచ్చు. తేలిపోయిన సంగతి ఒకటుంది: ఆ ప్రయోజనాన్ని ప్రతిసారీ మనుషులే తూచారు, ఆ రోజు ఎవరి మాట చెల్లితే వారి బరువు ఎక్కువ పడింది. మనుషులు తూచినదాన్ని మనుషులు ప్రశ్నించవచ్చు.

అంతకు ముందరి కథ ఇంకా తెలుసుకోదగ్గది. 1960లో సోవియట్ యూనియన్ మనకు చవగ్గా ముడిచమురు ఇస్తానంది. అప్పటి మన పెద్ద రిఫైనరీలు బర్మా షెల్, స్టాన్‌వాక్, కాల్టెక్స్ కంపెనీలవి. విశాఖపట్నం రిఫైనరీ కాల్టెక్స్‌ది. సోవియట్ చమురు శుద్ధి చేయబోమని మూడూ ముక్తకంఠంతో చెప్పాయి. చమురు ఎక్కడినుంచి తేవాలో తమ ఇష్టమని ఒప్పందాల్లో రాసుకున్నాయి మరి. అప్పటి మంత్రి కేశవదేవ్ మాలవీయ ఆ సోవియట్ బేరాన్ని చూపించే విదేశీ కంపెనీల చేత ధర తగ్గించారు. చమురు ధరల మీద విచారణ సంఘం వేశారు. ప్రభుత్వ రంగంలో రిఫైనరీలు కట్టారు. విశాఖ రిఫైనరీ 1978లో హిందుస్థాన్ పెట్రోలియం చేతికొచ్చింది. అంటే విదేశీ ఇంధనం మీద దేశానికున్న ప్రయోజనమేమిటో ఆనాడు బహిరంగంగా వాదించి, లాభం ఎవరికి చేరాలో కూడా నిర్ణయించారు. లెక్క అడిగితే దేశం బలహీనపడుతుందనే భయం ఆ తరానికి లేదు. దేశం బలహీనపడనూ లేదు.

మన సముద్రంలో దొరికిన గ్యాస్ విషయమూ ఇంతే. కృష్ణా, గోదావరి పేర్లు పెట్టుకున్న బేసిన్‌లో డీ6 క్షేత్రం నుంచి 2009 ఏప్రిల్‌లో గ్యాస్ మొదలైంది. కాకినాడ నుంచి భరూచ్ దాకా దాదాపు 1,400 కిలోమీటర్ల పైపు వేసి గుజరాత్‌కు తీసుకెళ్లారు. ఆ గ్యాస్‌లో మొదటి హక్కు తీర ప్రజలదని వై.ఎస్. రాజశేఖరరెడ్డి అడిగినప్పుడు అది ప్రాంతీయ స్వార్థం అన్నవాళ్లు చాలామంది. తర్వాత గ్యాస్ ఉత్పత్తి కూలిపోయి, గోదావరి జిల్లాల్లో కట్టిన గ్యాస్ విద్యుత్ కేంద్రాలు ఇంధనం లేక మూతపడ్డాయి. 2014 నుంచి 2023 దాకా దేశీయ గ్యాస్ ధరను అమెరికా, బ్రిటన్, కెనడా, రష్యా ధరల సగటుతో కట్టారు. మన తీరంలో తీసిన గ్యాస్‌కు పరాయి మార్కెట్ ధర. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో గ్యాస్ పైపు పేలి 20 మందికి పైగా కాలి చనిపోయినప్పుడు మాత్రం ఆ నష్టం మొత్తం కోనసీమదే. ఈ డీ6 గ్యాస్ వివాదంలోనే 2010 మే 7న సుప్రీంకోర్టు సహజ వనరులు ప్రజలవని, ప్రభుత్వం వాటికి ధర్మకర్త మాత్రమేనని స్పష్టం చేసింది. ధర్మకర్త లెక్క చూపాలి. నా మాట నమ్మండి అంటే కుదరదు.

చివరిగా, విదేశాంగ వ్యవహారాలు సామాన్యులకు అర్థం కావనే మాట. అమృతలూరు రైతుకు ఖతార్ నుంచి గ్యాస్ రాకపోతే యూరియా తయారీకి ఇబ్బంది అని తెలుసు. 2025 సార్వాలో రూ. 266.50 యూరియా బస్తా కోసం తెల్లవారుజామునే వరుసలో చెప్పులు పెట్టి నిలబడ్డవాళ్లకు ఎక్కడో ఓడ ఆగితే ఇక్కడ పైరు పాలిపోతుందని ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. రేపల్లె చెరువు గట్టున కూర్చున్న రైతు వాషింగ్టన్ ప్రకటన వచ్చిన పూటే కౌంట్ ధర కోసం ఫోన్ చేస్తాడు. అర్థం కానిది వీళ్లకు కాదు. వీళ్ల సంగతి ఢిల్లీకి అర్థం కాలేదు, ఎందుకంటే అడగలేదు. రాష్ట్రాలు, కేంద్రం కలిసి కూర్చోవడానికి రాజ్యాంగం ప్రకారం ఏర్పడిన అంతర్రాష్ట్ర మండలి 2016 జూలై తర్వాత ఏళ్ల తరబడి సమావేశం కాలేదు.

ఖండించి ఊరుకుంటే సరిపోదు కనుక, ఏం చేయాలో కూడా చెబుతాను. ఒకటి, రాయితీ చమురు ఎంత కొన్నాం, ఏ సగటు ధరకు కొన్నాం, ఏ రిఫైనరీ శుద్ధి చేసింది, దేశంలో ఎంత అమ్మింది, బయటికి ఎంత పంపింది, ఈ లెక్కను ఏటా పార్లమెంటు ముందు పెట్టాలి. బేరం జరుగుతున్న రోజున కాదు, ఏడాది ముగిశాక. అందువల్ల ఏ రహస్యమూ బయటపడదు. రెండు, విదేశాంగ నిర్ణయం వల్ల ఒక రంగం మీద ప్రతీకార సుంకం పడితే, ఆ నిర్ణయం వల్ల లాభపడినవాళ్ల మీద పన్ను వేసి నష్టపోయినవాళ్లకు నేరుగా చెల్లించాలి. 2022లో వేసిన పన్నే ఇందుకు దారి చూపింది. చెల్లింపు చెరువు చేసేవాడికి, కౌలు రైతుకు చేరాలి. మూడు, సాగుకూ చేపల వేటకూ రొయ్యల చెరువులకూ వాడే డీజిల్ మీద కేంద్ర ఎక్సైజ్, రాష్ట్ర వ్యాట్ రెండూ తగ్గాలి. కేంద్రం వైపు చూపించి రాష్ట్రం తప్పుకోకూడదు. నాలుగు, ఇంధనం మీద పెద్ద ఒప్పందాలు చేసుకునే ముందు వాటి దెబ్బ ఏ రాష్ట్రంలో ఏ పంట మీద పడుతుందో అంచనా వేసి, ఆ రాష్ట్రం మాట వినాలి.

అమెరికా బెదిరింపులకు లొంగకుండా నిలబడాలని కోరుకునేవాళ్లలో నేనూ ఉన్నాను. నిలబడాలంటే ఇంట్లో అందరూ వెన్ను కాయాలి. లాభంలో వాటా లేనివాడు నష్టంలో ఎన్నాళ్లని వెన్ను కాస్తాడు? భారాన్ని న్యాయంగా పంచని విధానం పరాయి దేశం ముందు ఎక్కువ కాలం తలెత్తుకు నిలవదు.

అమృతలూరు, వేమూరు, రేపల్లె, బాపట్ల అన్నీ ఒకే లోక్‌సభ నియోజకవర్గంలో ఉన్నాయి. వరి, మొక్కజొన్న రైతులు, కౌలుదార్లు, రొయ్యల రైతులు, నిజాంపట్నం మత్స్యకారులు కలిసి తమ ఎంపీకి ఒక వినతిపత్రం ఇవ్వండి. రష్యా చమురు రాయితీలో మిగిలింది ఎంత, అది ఎవరి ఖాతాలో పడింది, మా చెరువుల మీద పడిన సుంకానికి పరిహారం ఎవరిస్తారు అని లోక్‌సభలో అడగమనండి. ఎంపీ ఏ పార్టీ అయినా సరే, జవాబు వచ్చేదాకా వదలకండి. ఆ జవాబు చెప్పలేని ప్రభుత్వానికి జాతీయ ప్రయోజనం పేరెత్తే అర్హత లేదు.